పాంపేయి అటకల మీద ఒక రీలు కోసం

నేపుల్స్ నుంచి పాత రోమన్ పట్టణం పాంపేయి శిథిలాలు చూడటానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది సర్కుమ్‌వెసువియానా రైలెక్కి విల్లా దీ మిస్తేరి స్టేషన్‌లో దిగుతారు. ముఖ్యద్వారం అక్కడికి దగ్గర. మేం వేరే లైన్‌లో వెళ్ళే బండెక్కి పాంపేయి సంతువారియో స్టేషన్‌లో దిగాం. ఊరి మధ్యలో రోజరీ మాత చర్చి, కాస్త నడిస్తే శిథిలాల తూర్పు కొసన చుట్టూ మెట్లున్న పాత ఆటస్థలం, ఆంఫీథియేటర్, ఆ రెంటి మధ్య మామూలు జనం కాపురముండే వీధులు. మాకు ఆ వీధులతోనే పని. అక్కడ ఏదో ఒక ఇంట్లో 1971 అక్టోబర్ నాటి సూపర్ 8 (ఇళ్ళలో వాడే చిన్న సినిమా కెమెరా) రీలు ఒకటి ఉండి ఉంటుందన్న ఆశ మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది.

ఆ అక్టోబర్ 4 నుంచి 7 దాకా ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఇక్కడి ఆంఫీథియేటర్‌లో వాయించింది. టికెట్లు లేవు, ప్రేక్షకులు లేరు. డేవిడ్ గిల్మోర్, రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్, వాళ్ళ వెనక గోడలా పేర్చిన స్పీకర్లు, ఎదురుగా సినిమా యూనిట్. ఏడ్రియన్ మేబెన్ అనే దర్శకుడు దాన్ని 35 ఎంఎంలో తీశాడు. 1972 సెప్టెంబర్‌లో ఎడిన్‌బరో ఫిలిం ఫెస్టివల్‌లో మొదటిసారి వేశారు. నేను దాన్ని హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో, కాపీకి కాపీ తీసిన వీసీడీలో చూశాను. బొమ్మ అలుక్కుపోయి ఉన్నా, ఖాళీ మెట్ల మధ్య సాయంత్రపు వెలుగులో వాటర్స్ పెద్ద గాంగ్ మీద కొడుతున్న ఆ షాట్ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ సినిమాను ఎన్నిసార్లు చూసినా తీరని లోటు ఒకటుంది. పాంపేయిలో వాయించినవాటిలో సినిమాలోకి ఎక్కినవి మూడే: రెండు ముక్కలు చేసి మొదట్లో సగం, చివర్లో సగం పెట్టిన ‘ఎకోస్’, ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’, ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’. మిగతా పాటలు అదే ఏడాది డిసెంబర్‌లో పారిస్ స్టూడియోలో తీసి కలిపినవి. ఏ షాట్ ఎక్కడిదో అభిమానులు రైట్ గడ్డాన్ని బట్టి చెప్పేస్తారు. పాంపేయిలో గడ్డం ఉంది, పారిస్‌లో లేదు. ఇక ‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ చూడండి, పాటంతా దాదాపు మేసన్ ఒక్కడే కనిపిస్తాడు. మధ్యలో ఒక డ్రమ్ కర్ర చేయి జారి ఎగిరిపోతుంది, ఆయన తాళం తప్పకుండా ఇంకోటి అందుకుంటాడు. ఆ ఘట్టం నాకు ప్రాణం. కానీ మిగతా ముగ్గురూ ఏమయ్యారు? వాళ్ళని తీసిన రీళ్ళు పోయాయని చెబుతారు.

పోయినవి అవొక్కటే కాదు. సినిమాలో వాడకుండా మిగిలిపోయిన నెగటివ్ అంతా పారిస్ దగ్గర బోయిస్ దార్సీలోని ఫిలిం ఆర్కైవ్‌లో ఉండేదనీ, దానికి విలువేమీ లేదనుకుని తగలబెట్టేశారనీ మేబెనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. ఐదు వందలకు పైగా డబ్బాలు! అది మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంకో పక్క, 2025లో విడుదలైన 4కె ప్రింటు కథ వినండి. సినిమా అసలు నెగటివ్, అంటే ఎడిటింగ్ టేబుల్ మీద కోసి అతికించిన ఆ ఫిలిమే, పింక్ ఫ్లాయిడ్ సొంత ఆర్కైవ్‌లో, పైన సరైన పేరు కూడా లేని ఐదు డబ్బాల్లో దొరికింది. వాళ్ళ రిస్టోరేషన్ పనులు చూసే లానా టోఫమ్ దాన్ని వెతికి పట్టుకున్నారు. ఆ ఏప్రిల్‌లో థియేటర్‌లో ఆ బొమ్మ చూసి బయటికొచ్చాక, కాకినాడ నుంచి వచ్చి మ్యూనిక్‌లో స్థిరపడ్డ నా మిత్రుడు అన్నాడు: “సొంతింట్లో ఉన్నదే యాభై ఏళ్ళకు బయటపడిందంటే, ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా వెతికారా?”

ఈ ప్రయాణానికి బీజం అదే. తేదీల దగ్గర ఇంకో సంగతి తేలింది. 1971 అక్టోబర్ 4 సోమవారం. ముందురోజు అక్టోబర్ మొదటి ఆదివారం. ఏటా ఆ రోజున పాంపేయి చర్చి ముందు ‘సుప్లికా’ అనే ప్రార్థన జరుగుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు వేలమంది యాత్రికులు చౌకులో నిలబడి కలిసి చదువుతారు. అంటే షూటింగ్‌కి సరిగ్గా ముందురోజు ఊరి కెమెరాలన్నీ బయటికొచ్చి ఉంటాయి. సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిలిం, నడిచేది మూడు నిమిషాల పైచిలుకు. పండగ రోజు సగం తీసి, మిగతాది తర్వాతి రోజుల్లో పూర్తి చేసినవాళ్ళు ఒక్కరైనా ఉండరా? లండన్ నుంచి లారీల్లో సామాను దిగింది. ఆంఫీథియేటర్ దగ్గర కరెంటు చాలక ఊళ్ళోంచి వీధుల వెంట పొడవాటి కేబుల్ లాగారు. అంత హడావిడి జరుగుతుంటే కెమెరా చేతిలో ఉన్నవాడు అటు తిప్పకుండా ఉంటాడా?

అందుకే మేమూ సుప్లికా నాటికే చేరుకున్నాం. నేపుల్స్‌లో పుట్టిపెరిగిన ఒక స్నేహితురాలు మాతో వచ్చింది. ఆమె లేకపోతే మాకు ఒక్క తలుపూ తెరుచుకునేది కాదు. ఆదివారం చౌకులో కాలు పెట్టే చోటు లేదు. ముసలమ్మలు మడత కుర్చీలు తెచ్చుకున్నారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులున్నారు. పన్నెండు కొట్టగానే ఆ గోలంతా ఆగి ఒకే గొంతుగా ప్రార్థన మొదలైంది. 1971లోనూ ఇంత జనమే ఉంటే కెమెరాలు ఎన్ని ఉండేవో అని లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను.

ఆంఫీథియేటర్‌కి మర్నాడు వెళ్ళాం. దీన్ని క్రీస్తుపూర్వం 70 ప్రాంతంలో కట్టారు. రాతితో కట్టి ఇప్పటిదాకా నిలిచిన రోమన్ ఆంఫీథియేటర్లలో ఇదే పాతది. సుమారు 20 వేలమంది పట్టేవారు. క్రీ.శ. 59లో ఇక్కడ ఆట చూడటానికి వచ్చిన పాంపేయి వాళ్ళూ, పొరుగున ఉన్న నూకేరియా వాళ్ళూ కొట్టుకుని రక్తపాతమైతే, రోమ్ సెనేట్ పదేళ్ళపాటు ఇక్కడ ఆటలు నిషేధించింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 79లో, వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఊరంతటినీ బూడిదతో కప్పేసింది.

లోపలికి దారి నేల వాలుగా దిగే సొరంగంలోంచి. చీకట్లో నడిచి ఒక్కసారిగా వెలుతురులోకి వస్తే చుట్టూ గడ్డి మొలిచిన మెట్ల వరసలు, పైన ఆకాశం. నేను ఊహించుకున్నదానికన్నా చిన్నగా ఉంది. సినిమాలో కెమెరా దూరం నుంచి మెల్లగా దగ్గరికి వస్తుంటే నలుగురు మనుషులూ ఎడారిలో ఉన్నట్టుంటారు, ఇక్కడ నిలబడితే అవతలి గోడ దగ్గరున్న మనిషి మొహం పోల్చుకోవచ్చు. మా మిత్రుడు ఫోన్‌లో షాట్లు పెట్టుకుని, నీడలు చూసి, డ్రమ్స్ ఎక్కడ పెట్టారో, ట్రాలీ పట్టాలు ఎటు వేశారో చూపిస్తూ నడిచాడు. మేసన్ కూర్చున్న చోటు ఇదేనని మేం ఒప్పుకున్న చోట నిలబడి చప్పట్లు కొట్టాను. మోత చిన్నదే, పొడిగా వచ్చి ఆగిపోయింది.

మేబెన్‌కి ఈ చోటు తట్టిన కథ నాకు చాలా ఇష్టం. 1971 వేసవిలో స్నేహితురాలితో కలిసి పాంపేయి చూడటానికి వచ్చి పాస్‌పోర్ట్ పోగొట్టుకున్నాడు. సాయంత్రం గేట్లు మూసే వేళ, కాపలావాళ్ళని బతిమాలి, వెతుక్కుంటూ ఒంటరిగా ఆంఫీథియేటర్ దాకా వచ్చాడు. పురుగుల చప్పుడు, గబ్బిలాలు, తగ్గుతున్న వెలుతురు, చుట్టూ ఖాళీ మెట్లు. బ్యాండ్‌ని ఇక్కడికి తేవాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. అనుమతి ఇప్పించింది నేపుల్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉగో కార్పుతి. ఆయనా పింక్ ఫ్లాయిడ్ అభిమానే. ఒక పురావస్తు స్థలాన్ని ఒక రాక్ బ్యాండ్ కోసం రోజుల తరబడి మూయించగలిగిన ఆ ప్రొఫెసర్‌కి మనమంతా ఎంతో రుణపడి ఉన్నాం. 2016 జూలైలో గిల్మోర్ మళ్ళీ ఇక్కడికే వచ్చి, ఈసారి జనం ముందు రెండు రాత్రులు వాయించాడు. రైట్ అప్పటికి లేడు, 2008లోనే పోయాడు.

పొజ్జువోలీ దగ్గర సోల్ఫతార అనే అగ్నిపర్వత బిలం కూడా మా జాబితాలో ఉండాల్సింది. ఆవిర్ల మధ్య నలుగురూ నడిచే దృశ్యాలు అక్కడివేనని అభిమానులు గుర్తుపడతారు. 2017లో ఒకే కుటుంబంలో ముగ్గురు చనిపోయిన ప్రమాదం తర్వాత దాన్ని మూసేశారు.

అసలు పని మధ్యాహ్నం నుంచి మొదలైంది. ఆంఫీథియేటర్ గేటు ఎదుటి చౌకు నుంచి చర్చి వైపు నడుస్తూ, డెబ్బై దాటినట్టు కనిపించే ప్రతివారినీ ఆపి మా స్నేహితురాలు మర్యాదగా అడిగేది. మంగలి షాపు, కాఫీ బారు, చేతిపని దుకాణం, చర్చి ముందు జపమాలలు అమ్మే కొట్లు. ఎక్కువమందికి సినిమా తెలుసు, షూటింగ్ గుర్తులేదు. గుర్తున్న వాళ్ళు చెప్పింది ఒకటే: పెద్ద చప్పుడు. ఒకాయన మాత్రం గోడ పక్కన సాగిన నల్లటి తీగ గురించి చెప్పాడు. స్కూలు నుంచి వస్తూ దాని మీద నడవొద్దని వాళ్ళమ్మ కేకలేసిందట. పిల్లలు కొందరు దొంగతనంగా లోపలికి దూరారని పుస్తకాల్లో చదివింది ఆయన్ని అడిగితే, తను కాదుగానీ తన అన్న వెళ్ళాడన్నాడు. ఆ అన్న ఇప్పుడు లేడు.

ఆ సాయంత్రం ఒక రిటైర్డ్ టీచరమ్మ మమ్మల్ని ఇంటికి పిలిచింది. వాళ్ళ నాన్నకి కెమెరా పిచ్చి. బీరువా అడుగు నుంచి బిస్కెట్ డబ్బా తీసింది. అందులో కోడాక్ పసుపు పెట్టెలు, వాటిలో ఒకదాని మీద పెన్సిల్‌తో ‘సుప్లికా, అక్టోబర్ 71’ అని ఉంది. మా ముగ్గురికీ నోట మాట రాలేదు.

పాత ప్రొజెక్టర్ తీస్తానంది. మా మిత్రుడు దండం పెట్టి మరీ ఆపాడు. యాభై ఏళ్ళకు ఫిలిం ముడుచుకుపోతుంది, అంచు రంధ్రాలు మిషన్ పళ్ళకు సరిపోవు, తిరగడం మొదలైన కాసేపటికే చిరిగిపోవచ్చు. వెనిగర్ వాసన వస్తుందేమోనని ముందు ముక్కు దగ్గర పెట్టి చూశాడు. ఆ వాసన వచ్చిందంటే ఫిలిం లోపల్నుంచి చెడిపోతున్నట్టు లెక్క. రాలేదు. అప్పుడు తను వెంట తెచ్చుకున్న, చేత్తో తిప్పే చిన్న వ్యూయర్‌లో జాగ్రత్తగా ఎక్కించాడు.

అరచేతి సైజు తెర మీద రంగులు నిన్న తీసినట్టున్నాయి. చౌకు, జనం, పూలు. తెల్ల గౌను వేసుకున్న పిల్ల కెమెరాకి నాలుక చూపిస్తోంది. టీచరమ్మ “నా చెల్లెలు” అంది. మళ్ళీ జనం. తర్వాత షాట్ మారింది. అదే చౌకు, మనుషులు లేరు, ఒకాయన చెత్త ఊడుస్తున్నాడు, నీడలు ఇంకోవైపు పడుతున్నాయి. మర్నాడు తీసిందై ఉండాలి. అంటే సోమవారం, షూటింగ్ మొదలైన రోజు! కెమెరా మెల్లగా ఆంఫీథియేటర్ ఉన్న వైపుకి తిరగడం మొదలుపెట్టింది. అక్కడితో ఫిలిం అయిపోయింది.

ఆమె ఇంకోసారి తిప్పమంది, చెల్లెల్ని చూడటానికి. మేం ఆ చివరి ఫ్రేముల్లో గోడ పక్కన నల్లటి తీగ కోసం కళ్ళు చిల్లులు పడేలా చూశాం. కనపడలేదు.

రాత్రి కాఫీ బారులో కూర్చున్నప్పుడు మా మాటలు మనవైపు మళ్ళాయి. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, 1932 నాటిది, ఒక్క ప్రింటూ మిగల్లేదు. అంతకన్నా నన్ను కదిలించేది ఇంకోటి ఉంది. అదే 1971లో ఘంటసాల అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ వెళ్ళి అక్కడి తెలుగువాళ్ళ ముందు పాడారు. అప్పటి తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు జీతం రాగానే కొనుక్కున్న వస్తువుల్లో సూపర్ 8 కెమెరా ఉండేది. ఆ హాళ్ళలో ఎవరూ తీయలేదంటే నేను నమ్మను. మీ పెదనాన్నగారో, మావయ్యగారో ఆ రోజుల్లో అక్కడ ఉండి ఉంటే దయచేసి వాళ్ళ బేస్‌మెంట్‌లో, అటక మీద చూడండి. రీలు దొరికితే ప్రొజెక్టర్‌కి ఎక్కించకండి, ఎండలో పెట్టకండి, ముందు స్కాన్ చేయించండి. పింక్ ఫ్లాయిడ్ కోసం జనం ఇటలీ దాకా వస్తున్నారు, మన మాస్టారి కోసం మన ఇళ్ళలో మనమే వెతకాలి.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ ఫోన్ చేసింది. రాత్రంతా ఆలోచించిందట. నాన్న కెమెరాలో ఒక కార్ట్రిడ్జ్ అయిపోతే వెంటనే ఇంకోటి వేసేవాడనీ, ఆ ఏడాది రీళ్ళు కొన్ని మేనత్త పట్టుకుపోయిందనీ గుర్తొచ్చింది. మేనత్త ఉండేది పక్కనే, తొర్రె అన్నుంజియాతాలో. వయసు తొంభైకి దగ్గర. డబ్బా మంచం కింద ఉన్నమాట నిజమే, కానీ ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఇవ్వనంది, తన మనవడు క్రిస్మస్‌కి వచ్చాక అతని ఎదుటే తెరుస్తానంది. న్యాయమైన మాట. నేపుల్స్ స్నేహితురాలు ఆవిడకి ఉత్తరం రాసింది, మేం జనవరికి టికెట్లు చూస్తున్నాం. ఈలోపు సుప్లికా రీలు స్కాన్‌కి వెళ్ళింది. ఆ చివరి ఫ్రేములు పెద్దవి చేస్తే గోడ వారన ఏముందో అప్పుడు తెలుస్తుంది.