సీఎన్‌సీ బేస్ రెడీ
సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని కోసే మెషిన్) కిందకి టోర్షన్ బాక్స్, అంటే మెలి తిరగకుండా గట్టిగా ఉండే బోలు పెట్టె లాంటి బేస్, పూర్తయింది, భలే ఆనందంగా ఉంది. పైనా కిందా 18 ఎంఎం ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన షీట్), మధ్యలో గళ్లు గళ్లుగా అదే షీట్ పట్టీలు, అంతా గ్లూతోనే.

అసలు కీలకం ఏంటంటే గ్లూ ఆరేటప్పుడు కింద టేబుల్ ఎలా ఉంటే బాక్స్ కూడా అలాగే బిగుసుకుపోతుంది, అందుకే ముందు మూల నుంచి మూలకి రెండు దారాలు బిగించి లాగి, మధ్యలో అవి తాకీ తాకనట్టు ఉండేదాకా (అంటే టేబుల్‌లో మెలి పోయేదాకా) టేబుల్ కాళ్ల కింద పల్చటి రేకు ముక్కలు పెడుతూనే ఉన్నా. లెవెల్ వేరు, ఫ్లాట్ వేరు. టేబుల్ కాస్త వాలినా కట్ బాగానే వస్తుంది, మెలి ఉంటే మాత్రం గాంట్రీ (కట్టర్‌ని మోస్తూ రైల్స్ మీద కదిలే అడ్డ దూలం) ఒకవైపు లోతుగా, ఇంకోవైపు పైపైన కోస్తుంది. వేస్ట్‌బోర్డ్ సర్ఫేసింగ్ (బేస్ మీద పరిచే పలకని ఆ మెషిన్‌తోనే చదును చేయడం) చేసేస్తే చాలు కదా అంటారు, అది పైపొరనే సరిచేస్తుంది, మెలి తిరిగిన రైల్స్‌ని కాదు.

ఎండీఎఫ్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి అంచులకి సీలర్ కొడుతున్నా, రేపు రైల్స్ బిగిస్తా.