చెరువు కట్ట నిలుస్తుందో లేదో లెక్కగట్టిన నా అనుభవం

2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయాక, కడప జిల్లాలో ఏ చెరువు దగ్గర ఆగినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఈ కట్ట నిలుస్తుందా సార్?" పులపత్తూరు, మందపల్లి వైపు ఆ వరద ఏం చేసిందో చూసినవాళ్లకు ఆ భయం ఉండడం న్యాయమే. తర్వాత కొంతకాలానికి జిల్లాలోని ఒక పాత చెరువు కట్ట వాలును పరీక్షించే పని నాకు వచ్చింది. ఇలాంటి పనికి కొత్తగా దిగే ఇంజినీర్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట. అన్నమయ్య కట్ట వాలు జారి పోలేదు. వరద కట్టపై నుంచి పొర్లి మట్టిని కోసుకుపోయింది. వాలు స్థిరత్వం లెక్కించే ఏ సాఫ్ట్‌వేరూ అలాంటి ప్రమాదాన్ని ముందుగా చెప్పలేదు. అది వరద లెక్క, అలుగు లెక్క, గేట్ల లెక్క. నేను చేసింది వాలు లెక్క మాత్రమే. ఆ తేడా చదివేవారికి తెలియాలని నివేదిక మొదటి పేజీలోనే రాశాను.

నేను వాడింది జియోస్టూడియోలోని స్లోప్/డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేరు. స్లైడ్2, జియో5 వాడేవాళ్లూ ఉన్నారు. లోపల జరిగే పని దాదాపు ఒకటే. కట్ట అడ్డుకోత గీసి ఇస్తే, మట్టి ఏ వంపు వెంట జారవచ్చో ఊహించి, ఆ వంపు మీదున్న మట్టిని నిలువు ముక్కలుగా విడదీస్తుంది. ఒక్కో ముక్కను బరువు ఎంత కిందికి లాగుతోంది, అడుగున మట్టి ఎంత పట్టి ఆపుతోంది అని చూసి, ఆపే బలాన్ని లాగే బలంతో భాగిస్తుంది. వచ్చేదే భద్రతా గుణకం. ఇలా ఎన్నో వంపులు పరీక్షించి అన్నిటికన్నా తక్కువ గుణకం దేనికి వచ్చిందో చూపిస్తుంది. గ్రాఫు కాగితం మీద ఒక్క వంపుకే పూట పట్టే పని క్షణాల్లో అయిపోతుంది.

అయితే ఆ క్షణాలకు ముందు నెలల పని ఉంది. నాకిచ్చిన పాత మట్టి నివేదికలో మట్టి బలాన్ని చెప్పే రెండు అంకెలు, కోహెజన్ (రేణువుల అతుకు), ఘర్షణ కోణం, ఒకే వరుసలో రాసి ఉన్నాయి. ఏ పరీక్షతో వచ్చాయో లేదు. వాటిని పక్కనపెట్టి కట్టలో బోరు వేయించి, మట్టి చెదరకుండా గొట్టాలతో నమూనాలు తీయించాను. లోపల అంతా నల్లరేగడి, పైన గ్రావెల్ పొర. ల్యాబులో మట్టిని అడ్డంగా జరిపి కోసే డైరెక్ట్ షియర్ పరీక్షతో సరిపెడతామన్నారు. అది త్వరగా అవుతుంది కానీ మట్టి రంధ్రాల్లో నీటి పీడనాన్ని కొలవదు. నమూనాను చుట్టూ ఒత్తి పట్టి, పైనుంచి నొక్కుతూ నీటి పీడనం కొలిచే ట్రయాక్సియల్ పరీక్షే కావాలని పట్టుబట్టాను. నమూనా నీటితో పూర్తిగా నిండిందని నమ్మాలంటే బి విలువ 0.95కి చేరాలి. రేగడిలో ఆ అంకె ఎంత మెల్లగా కదులుతుందో పక్కన కూర్చుంటే తెలుస్తుంది. అక్కడ తొందరపడితే తర్వాత కంప్యూటర్‌లో చేసేదంతా వృథా.

అసలు కష్టం కట్టలోపలి నీటి గీతది. చెరువు నిండినప్పుడు నీరు కట్టలోకి ఎంత ఎత్తున ఊరి, ఎక్కడ బయటపడుతుందో ఆ గీత చెబుతుంది. పుస్తకాల్లోలాగా నున్నని వంపు గీసి ఇస్తే సాఫ్ట్‌వేరు ఒప్పుకుంటుంది, అభ్యంతరం చెప్పదు. నాకు దారి చూపింది చెరువు నీళ్లు చూసుకునే ఆ ఊరి నీరుగంటి. కట్ట బయటి వాలు వెంట నడిపిస్తూ, తూముకు ఎడమ పక్క ఎండాకాలంలోనూ తుంగ పచ్చగా ఉండే చోట ఆగి, "చెరువు నిండితే ఇక్కడ చెప్పు దిగబడుతుంది సార్" అన్నాడు. కట్ట పాదం కన్నా బాగా పైన ఉందా చోటు. ఊటనీటిని గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచాను. అడుగున మట్టి పేరుకోలేదు, నీరు తేటగానే ఉంది. అంటే ఆ నీటితో కట్టలోని మట్టి కొట్టుకురావడం లేదు. అయినా నీరు అంత ఎత్తున ఉందన్నది ఖాయం. అక్కడ కట్టలోపలి నీటిమట్టం చూపే పీజోమీటర్ గొట్టాలు దించి, కొలిచిన మట్టాలతోనే గీత గీశాను.

ఇదే జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనం చెరువుకు ఉండకూడని దోషాలు చెబుతూ కట్ట నుంచి నీరు కారడాన్నీ లెక్కలోకి తీసుకుంది. మన పెద్దలు దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారో తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

మట్టికట్టలకు మన ప్రమాణం ఐఎస్ 7894, 1975లో వచ్చింది. చెరువు నిండి ఊట నిలకడగా ఉన్నప్పుడు బయటి వాలుకు గుణకం 1.5, నీరు హఠాత్తుగా దిగినప్పుడు లోపలి వాలుకు 1.3 ఉండాలంటుంది. ఈ కట్టకు మొదటిది అందలేదు, రెండోది ఇంకా దూరంలో ఉంది. తూము నుంచి నీరు మెల్లగా దిగుతుంది కదా, హఠాత్తు ఎక్కడిదని నా నివేదికను పరిశీలించినవాళ్లు అడిగారు. రేగడి తాగిన నీటిని వదలడానికి చాలా కాలం పడుతుంది. దాని ముందు రోజుల్లో చెరువు దిగిపోవడం కూడా హఠాత్తే. బయట ఒత్తి పట్టే నీరు పోతుంది, లోపలి పీడనం మాత్రం మిగులుతుంది. అలుగు దగ్గర గండి పడితే ఇక చెప్పేదేముంది.

రెండో అభ్యంతరం అంకెల తేడా మీద. ముక్కల లెక్కల్లో పాతదీ సులువైనదీ అయిన ఫెలీనియస్ పద్ధతిలో వాళ్లు చేత్తో వేసిన లెక్కలో గుణకం నాకన్నా తక్కువ వచ్చింది. అదే వంపును సాఫ్ట్‌వేరులో ఫెలీనియస్, 1955 నాటి బిషప్, 1965 నాటి మోర్గెన్‌స్టర్న్-ప్రైస్ పద్ధతుల్లో వరుసగా నడిపి చూపించాను. ఫెలీనియస్ ముక్కల మధ్య బలాలను వదిలేస్తుంది కాబట్టి, నీటి పీడనం ఎక్కువున్న చోట గుణకాన్ని తగ్గించి చూపుతుంది. మిగతా రెండూ దాదాపు కలిశాయి. చేత్తో వేసిన లెక్క సాఫ్ట్‌వేరులోని ఫెలీనియస్ విలువతో సరిపోయాక వాదన ముగిసింది. అలా చేత్తో సరిచూసినందుకు వాళ్ల మీద గౌరవం పెరిగింది కూడా.

మరమ్మతుగా లోపలి వాలును కొంత చదును చేసి, బయట పాదం దగ్గర ఫిల్టరుతో (మట్టిని ఆపి నీటిని వదిలే పొరతో) రాతి కట్టడం, కాలువ సూచించాను. నీటి గీత కిందికి దిగితే బయటి గుణకం 1.5 దాటింది, వాలు తగ్గితే లోపలిది 1.3 దాటింది. పనులు పూర్తయ్యాయి. పీజోమీటర్లలో నీటిమట్టం ఇప్పుడు నీరుగంటే కొలిచి నోటుబుక్కులో రాస్తున్నాడు. చెరువు నిండిన ఏడాది కొలతలు చేతికొచ్చాక, మరమ్మతు తర్వాత ఉంటుందని నేను ఊహించిన గీత తీసేసి వాటితోనే లెక్క మళ్లీ వేస్తాను.