జలుబు తగ్గాక మొదలైన ఆయాసం

దుమ్ము నాకు పడదని చిన్నప్పటి నుంచీ తెలుసు. పరుపు దులిపితే తుమ్ములు, కాసేపటికి ఛాతీలో పిల్లికూతలు, ఇన్‌హేలర్ పీలిస్తే ఉపశమనం. నా ఉబ్బసం ఇంతేననుకుని, రోజూ వాడవలసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను బాగున్నప్పుడల్లా మానేసేవాణ్ణి.

నిరుడు ఒక మామూలు జలుబు తగ్గాక, దుమ్ముకు దూరంగా ఉన్నా, చల్లగాలి తగిలినా సెంటు వాసన సోకినా ఛాతీ బిగుసుకుపోయేది. తెల్లవారుజామున మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, లోపల చిక్కుకున్న గాలిని బయటికి నెట్టేందుకు పెనుగులాడేవాణ్ణి. ఊపిరి పీల్చుకోవడం కన్నా వదలడమే కష్టమని ఆ రాత్రుల్లోనే తెలిసింది.

దుమ్ము లేకుండా ఆయాసం ఎందుకొస్తోందని అడిగితే, వైద్యురాలు కాగితం మీద శ్వాసనాళాన్ని ఒక గొట్టంలా గీసి, దాని లోపలి పొర వెంట సన్నని నరాలను చూపించారు. అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్, బ్రాడికైనిన్ వంటి పదార్థాలు రెచ్చగొట్టినప్పుడు ఆ నరాలు మెదడుకు కబురు పంపడంతో ఆగక, తమ చివరల నుంచి న్యూరోపెప్టైడ్లనే చిన్న అమైనో ఆమ్లాల గొలుసులను కూడా వదలగలవట. వాటిలో న్యూరోకైనిన్ ఎ ముఖ్యంగా నాళం చుట్టూ ఉన్న కండరాన్ని బిగిస్తుంది. 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్న మరో న్యూరోపెప్టైడ్ సబ్‌స్టాన్స్ పి రక్తనాళాల నుంచి ద్రవం ఊరేలా, కఫం పెరిగేలా చేస్తుంది. కేవలం 11 అమైనో ఆమ్లాల గొలుసు ఇంత పని చేయగలదని విని నివ్వెరపోయాను. మామూలుగా ఒక ఎంజైము ఈ పెప్టైడ్లను ఎప్పటికప్పుడు తుంచేస్తుంది. వైరస్ సోకినప్పుడు అది తగ్గుతుందనీ, అప్పుడు వాటి ప్రభావం పెరుగుతుందనీ జంతువులపై ప్రయోగాల్లో తేలింది. అయితే మనుషుల ఉబ్బసంలో వీటి వాటాను ఎక్కువ చేసి చెప్పకూడదనీ, ఉబ్బసానికి వీటిని అడ్డుకునే మందులేవీ వాడుకలో స్థిరపడలేదనీ ఆవిడ హెచ్చరించారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

చికిత్స పాతదే: స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) రెండు పూటలా స్టెరాయిడ్ ఇన్‌హేలర్, ఆ తర్వాత నోరు పుక్కిలించడం. ఈసారి ఒక్క పూట కూడా తప్పలేదు. ఉదయం లేవగానే, ఊపిరి ఎంత వేగంగా వదలగలమో నిమిషానికి లీటర్లలో కొలిచే పీక్ ఫ్లో మీటరును మూడుసార్లు బలంగా ఊది, ముల్లు ఎక్కువ దూరం జరిగిన అంకెను రాసుకునేవాణ్ణి. మొదటి వారం 260 దాటలేదు. మధ్యలో ఒకసారి పడిపోయి భయపెట్టినా, ఎనిమిదో వారానికి 410కి చేరింది.

పోయిన నెల మళ్లీ జలుబు చేసింది. ఇన్‌హేలర్ మానలేదు. ఆ వారమంతా ముల్లు 370కి దిగువన ఆగలేదు, ఒక్క రాత్రీ లేచి కూర్చోలేదు.