చెయ్యేటి గులక నేలలో అసలు మట్టి ఎంత?

రాజంపేట, నందలూరు వైపు చెయ్యేటి ఒడ్డు చేలల్లో పార దించితే అడుగు లోతుకే ఖణేల్‌మంటుంది. "రాళ్ల నేల, పదును నిలవదు" అని అక్కడితో మాట తేల్చేస్తాం. నిజానికి ఆ చేను గురించి తెలుసుకోవాల్సింది ఆ చప్పుడు తర్వాతే మొదలవుతుంది. రాయి ఎంత, రాళ్ల సందుల్లో మట్టి ఎంత, ఏ పొర మీద ఏ పొర ఉంది అన్నవి తేలకుండా తడి ఎన్నాళ్లకు పెట్టాలో, ఎరువు ఎంత వెయ్యాలో ఎవరూ చెప్పలేరు.

బాహుద, పింఛ ఏర్లు కలిసి చెయ్యేరై పెన్నలో పడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఒట్టి ఇసుక. అల్పపీడనం పట్టి నాలుగు రోజులు కురిస్తే మాత్రం ఒక్కసారిగా పోటెత్తి, అంతే వేగంగా తగ్గిపోతుంది. ఏడాది పొడవునా పారే నది సన్నమట్టిని నెమ్మదిగా పరుస్తుంది. ఇలా పోటుకే పారే ఏరు గులకను, ఇసుకను, ఒండ్రును కలగాపులగంగా తెచ్చి, ఉరవడి తగ్గిన చోటల్లా వదిలేస్తుంది. 2021 నవంబరు 19న ఈ ఏటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లె చేలల మీద పరుచుకున్న ఇసుక మేటలు ఈ పని ఒక్క పూటలో ఎంత దూరం పోగలదో చూపించాయి. అలాంటి వరదలు వందల ఏళ్లుగా వేసిన మేటల మీదే ఇప్పటి అరటి, బొప్పాయి, నిమ్మ తోటలున్నాయి.

చేను చదవాలంటే గొయ్యి తవ్వాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు చాలు. గులక నేలలో గోడ చెప్పాపెట్టకుండా జారుతుంది కాబట్టి అంతకంటే లోతుకు పోవాలంటే ఒక పక్క మెట్లుగా కోయండి. ఎండ పడే గోడను చాకుతో గీకి శుభ్రం చేసి చూస్తే వరదలు వరుసగా కనిపిస్తాయి. ప్రతి వరదకూ అడుగున గులక, మీద ఇసుక, ఆ పైన పల్చటి ఒండ్రు. దాని మీద మళ్లీ గులక మొదలైతే అది ఇంకో వరద. మధ్యలో ఎక్కడైనా నల్లటి చార, పాత వేళ్ల ఆనవాళ్లు కనిపిస్తే అది ఒకప్పటి పైనేల, వరద కింద పూడిపోయింది. మామూలు చేలో సేంద్రియ కర్బనం లోతుకు పోయేకొద్దీ తగ్గుతూ పోతుంది. ఇక్కడ తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. వరద నేలను గుర్తించడానికి నేల శాస్త్రం పెట్టుకున్న గుర్తుల్లో ఇదొకటి.

గోడలోంచి ఒక గులకరాయిని ఊడబెరికి తిప్పి చూడండి. అడుగు వైపున మాత్రమే సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉందా? వాన నీటిలో కరిగి దిగిన సున్నం రాయి అడుగున చేరి, తేమ ఆరగానే అక్కడే పేరుకుంటుంది. పలచని యాసిడ్ చుక్క వేస్తే బుస్సున పొంగుతుంది. ఈ పూత తెల్లారేసరికి వచ్చేది కాదు, కట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి పూత లేని బూడిదరంగు గులక కొత్త మేట, ఇంకా వరద తాకే చోటు. అడుగున పూత ఉండి, మట్టి కాస్త ఎరుపెక్కి, గ్రానైటు గులక వేళ్ల మధ్య నలిపితే పొడి రాలుతుంటే అది పాత గట్టు. పూతలు ముదిరి రాళ్ల సందులన్నీ సున్నంతో పూడితే వేరు దిగదు. గులక నేలలో సందులు తక్కువ గనుక రాళ్లు లేని నేల కంటే త్వరగా పూడిపోతుంది.

ఇక అసలు లెక్క. భూసార పరీక్ష చేసే చోట మట్టిని ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. మీద మిగిలిన గులకను పక్కన పెట్టి, కిందికి దిగిన మట్టినే పరీక్షిస్తారు. పద్ధతి సరైనదే. కానీ వచ్చిన అంకెను హెక్టారుకు మార్చేటప్పుడు పై 15 సెంటీమీటర్లలో 22.4 లక్షల కిలోల మట్టి ఉందని అనుకుంటారు. గులక చేలో అంత మట్టి ఉండదు.

ఎంత ఉందో ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. మామూలు నేలలో లాగా ఇనుప రింగు దిగగొట్టడం ఇక్కడ కుదరదు, రాయి తగిలి వంగిపోతుంది. 20 సెంటీమీటర్ల చదరంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, వచ్చినదంతా ఒక్క రాయి కూడా పోకుండా బస్తాలోకి ఎత్తండి. గుంతలో పల్చటి ప్లాస్టిక్ కవరు పరిచి, నేల మట్టానికి వచ్చేదాకా లీటరు మగ్గుతో నీళ్లు కొలిచి పోయండి. 6 లీటర్లు పట్టిందనుకుందాం. తీసిన మట్టిని బాగా ఎండబెట్టి తూస్తే 10.8 కిలోలు వచ్చింది. గడ్డల్ని కర్రతో చిదిపి 2 మిల్లీమీటర్ల మెష్‌తో జల్లెడ పడితే గులక 5.4 కిలోలు, మట్టి 5.4 కిలోలు. ఆ గులకను అంచుదాకా నింపిన బక్కెట్టులో వేస్తే పొర్లిన నీళ్లు రెండు లీటర్ల పైచిలుకు. అంటే బరువులో సగం రాయి అయినా, జాగాలో మూడోవంతే, 34 శాతం. ఈ రెండు అంకెల్నీ కలగాపులగం చేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నీటి లెక్కకు జాగా శాతం కావాలి, ఎరువు లెక్కకు మట్టి బరువు కావాలి. మెత్తటి సున్నపు గడ్డల్ని మాత్రం చిదపొద్దు, అవి రాళ్ల కిందికే వస్తాయి.

ఎరువు లెక్క చూద్దాం. 6 లీటర్ల గుంతలో 5.4 కిలోల మట్టి అంటే లీటరుకు 0.9 కిలో. హెక్టారులో 15 సెంటీమీటర్ల లోతుకు 13.5 లక్షల కిలోలు. పరీక్షలో అనుకున్న 22.4 లక్షల్లో ఇది 60 శాతమే. భూసార పరీక్ష కార్డులో పొటాష్ హెక్టారుకు 290 కిలోలు అని ఉంటే చేలో ఉన్నది 175 దాకానే. 280 దాటితే 'ఎక్కువ' అని రాసే పద్ధతిలో ఈ చేనుకు పొటాష్ అక్కర్లేదని వస్తుంది. నిజానికి అది 'మధ్యస్థం'. అరటి లాంటి పొటాష్ తిండిపోతుకు ఈ తేడా గెల దగ్గర తెలుస్తుంది. మట్టి నమూనా ఇచ్చేటప్పుడు గులక బరువు శాతం ఎంతో చీటీ మీద రాసి ఇవ్వండి. ఎవరూ అడగరు, అయినా రాయండి.

నీటి లెక్క ఇంకా కీలకం. సన్నమట్టి భాగం ఇసుక గరపైతే, మొక్కకు అందే నీరు మీటరు లోతుకు సుమారు 120 మిల్లీమీటర్లు. 34 శాతం జాగా రాళ్లదైతే 79కి పడిపోతుంది. వేర్లు 60 సెంటీమీటర్లు దిగాయనుకుంటే 48. అందులో సగం తాగేసరికి మళ్లీ తడి ఇవ్వాలి కాబట్టి చేతిలో ఉన్నది 24 మిల్లీమీటర్లు. ఏప్రిల్ ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు పోతుంటే నాలుగు రోజులు. రాళ్లు లేని అదే మట్టికి ఆరు రోజులు. పక్క చేనువాళ్లు ఆరో రోజు పెడుతున్నారు గదా అని మనమూ ఆగితే రెండు రోజులు తోట బెట్టకు వచ్చినట్టే. అలాగని నాలుగో రోజు ఎక్కువసేపు మోటారు వేసినా లాభం లేదు. 24 మిల్లీమీటర్లు దాటిన నీరంతా వేరు కిందికి, యూరియాను వెంటబెట్టుకుని ఏటి ఊటలోకి పోతుంది.

డ్రిప్పులోనూ ఇదే చిక్కు. గులక నేలలో తడి పక్కలకు పాకదు, కూజా మెడలా సన్నగా నిలువునా దిగిపోతుంది. 60 సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు ఉన్న లాటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) వేస్తే మధ్యలో పొడి మిగులుతుంది. 30 సెంటీమీటర్లకు ఒకటి ఉన్నది తీసుకుని, రోజు నీటిని రెండు మూడు విడతలుగా ఇవ్వండి. ఎరువూ అంతే, నెలకోసారి గుప్పెడు కాకుండా వారానికి కాస్త.

అందరినీ తికమక పెట్టేది పొరల సంగతి. అడుగున గులక ఉంటే నీరు సులువుగా దిగిపోతుందనుకుంటాం. కానీ సన్నమట్టి కింద హఠాత్తుగా గులక పొర వస్తే, పైమట్టి దాదాపు నీరు ఓడే స్థితికి వచ్చేదాకా నీరు గులకలోకి దిగదు. సన్నటి సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, కింద ఉన్న పెద్ద సందులకు లాక్కునే బలం లేదు. అందుకే 40 సెంటీమీటర్ల ఒండ్రు మీద, దాని కింద గులకతో ఉన్న చేను పోల్చి చూస్తే అనుకున్నంత బెట్టకు రాదు. అయితే వేరు కూడా అక్కడే ఆగుతుంది. బొప్పాయి లాంటి మొక్కకు వరుసగా వానలు పడితే ఆ సరిహద్దు మీదే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. మొక్క గుంతలో 'నీరు దిగడానికి' అడుగున గులక పోసే అలవాటు సరిగ్గా ఈ కీడే చేస్తుంది. అది మానేయండి.

చెరువు మట్టి తోలేటప్పుడూ ఈ సూత్రమే. ఎకరాకు 2.5 సెంటీమీటర్ల మందం అంటే 100 ఘనపు మీటర్లు, ముప్పైకి పైగా ట్రాక్టరు ట్రాలీలు. పరిచి వదిలేస్తే పైన బంక పొర, కింద గులక, మధ్య తెగిన పదును. 15 సెంటీమీటర్ల లోతుకు కలిసేలా దున్నాలి. తోలే ముందు ఆ మట్టిలో చవుడు లేదని పరీక్ష చేయించుకోండి.

చేలోని రాళ్లన్నీ ఏరెయ్యాలనే పట్టుదల అవసరం లేదు. పిడికిలి కంటే పెద్దవి, రొటవేటరు బ్లేడు విరగ్గొట్టేవి తీస్తే చాలు. పైన పరుచుకున్న చిన్న గులక వాన దెబ్బను కాస్తుంది, ఎండకు పదును ఎగరనివ్వదు. దాన్ని ఏరేస్తే నాలుగు వానలకు కింది గులక మళ్లీ పైకి తేలుతుంది, ఈసారి మధ్యలోని మన్ను పోగొట్టుకుని.

కొత్తగా మేట పడిన చేలో మందమే నిర్ణయిస్తుంది. నాలుగు వేళ్ల మందం దాకా మామూలుగా దున్ని కలిపేయొచ్చు. జానెడు దాకా ఉంటే మేట మందానికి రెట్టింపు లోతు పోయేలా పెద్ద మడకతో తిరగేయాలి, లేకపోతే పాత మట్టి పైకి రాదు. అంతకు మించితే తోలించడమే దారి. ఎకరాలో అడుగు మందం మేట అంటే 1,200 ఘనపు మీటర్లు, సుమారు 400 ట్రాలీలు. ఆ ఖర్చు పెట్టే ముందు కింద ఉన్నది ఒండ్రా, ఇంకో గులక పొరా అని గొయ్యి తవ్వి చూసుకోవాలి. మొదటి పంటగా పిల్లిపెసరో జీలుగో చల్లి పూత దశలో కలియదున్నితే నేలకు ప్రాణం వస్తుంది. ముంపు నేలలో వేరుకు భాస్వరం అందించే బూజులు తగ్గిపోతాయి కాబట్టి నేరుగా మొక్కజొన్న వేస్తే ఊదారంగు ఆకులతో గిడసబారుతుంది.

ఒకే చేలో మూడు రకాల నేల ఉండటం ఇక్కడ మామూలే. పాత ఏటి పాయలు పూడిపోయి గులక చారలుగా మిగిలాయి. మార్చి, ఏప్రిల్లో మధ్యాహ్నం మూడింటికి చేలో నడిస్తే ఆకులు వాలిన వరుసలు పాయ ఎటు తిరిగిందో గీసి చూపిస్తాయి. ఫోనులో ఉపగ్రహ పటంలోనూ ఆ చారలు పాలిపోయి కనిపిస్తాయి. నమూనాలు ఆ చారకు వేరుగా, మిగతా చేనుకు వేరుగా తియ్యండి. డ్రిప్పు వాల్వులూ అలాగే విడగొట్టుకుంటే మేలు.

పల్లపు చేలల్లో చవుడు మచ్చలు పడితే సాధారణంగా అవి గులక లేని చోట్లే. ఊట నీరు సన్నమట్టి సందుల గుండా పైకి పాకి ఆవిరై ఉప్పును వదులుతుంది. మధ్యలో గులక పొర ఉంటే ఆ పాకుడు అక్కడే తెగుతుంది. అందుకని గట్టు చదును చేసేటప్పుడు గులక పొరను లేపేసి అమ్ముకునే ముందు, దాని కింద నీరు ఎంత లోతులో ఉందో కొలిచి చూడండి.