వేడి చేసుకునే తిన్నాను కదా!

పొద్దున ఎనిమిదింటికి వండిన కూర పొయ్యి పక్కనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి దాన్నే పొగలు వచ్చేలా వేడి చేసి నేనూ తమ్ముడూ తిన్నాం. రుచిలో తేడా లేదు, వాసన లేదు.

నాలుగున్నరకి మొదలైంది. ముందు వచ్చింది కడుపునొప్పి కాదు, నోట్లో నీళ్లూరడం. మింగేకొద్దీ ఊరుతూనే ఉన్నాయి. ఒళ్లంతా చల్లటి చెమట. ఐదు నిమిషాల్లో వాంతి. తిన్నది బయటికి పోతే తేలిక పడుతుందనుకున్నాను గానీ, కడుపు ఖాళీ అయ్యాక కూడా డోకులు ఆగలేదు. పసరు వచ్చింది, తర్వాత అదీ రాలేదు. అయినా ఎవరో లోపల గుడ్డ పిండుతున్నట్టే ఉంది. ఆరయ్యేసరికి ఎనిమిది వాంతులు, ఆపైన నీళ్ల విరేచనాలు. తమ్ముడికి మాత్రం రెండు వాంతులతో సరిపోయింది. వాడు తిన్నది రెండు ముద్దలే.

దాహానికి తట్టుకోలేక గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేశాయి. ఇలా మూడుసార్లు చేశాను. బుద్ధి రాలేదు.

ఏడున్నరకి బాత్రూంకని లేస్తే కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. పిక్కలు పట్టేశాయి. అక్క అడిగింది, ‘ఒంటికి ఎప్పుడు వెళ్లావురా?’ అని. ఆలోచిస్తే మధ్యాహ్నం నుంచి వెళ్లనే లేదు. ‘ఇంక ఇంట్లో వద్దు, పద’ అంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. పైసంఖ్య 104 నుంచి 82కి పడిపోయింది. నాడి 124. తర్వాత వరుసగా ప్రశ్నలు. ఏం తిన్నారు అన్నదానికంటే ఎన్నింటికి తిన్నారు, మొదటి వాంతి ఎన్నింటికి అన్నదే రెండుసార్లు అడిగింది. జ్వరం ఉందా? విరేచనంలో రక్తం పడిందా? ‘ఒకటి రెండుగా కనిపిస్తోందా, మింగడం కష్టంగా ఉందా, రెప్పలు వాలిపోతున్నాయా?’ అని కూడా అడిగితే, కడుపు బాధకి కళ్ల సంగతి ఎందుకని విసుగొచ్చింది. అది బొట్యులిజం అనే జబ్బు కోసమట. అరుదైనదే, కానీ అందులో విషం నరాల మీద పనిచేసి చివరికి ఊపిరి తీసుకునే కండరాలను కూడా పడగొడుతుంది.

నాకు అవేవీ లేవు. జ్వరం లేకుండా మూడు గంటల్లోనే వాంతులు ముంచుకొచ్చాయంటే, క్రిమి కడుపులో చేరి పెరిగే టైం కూడా లేదు, తినేసరికే విషం కూరలో తయారై ఉంటుందని చెప్పింది. స్టెఫిలోకాకస్ అనే క్రిమి మీద అనుమానం. పరీక్షకి పంపలేదు కాబట్టి తేలలేదు. సాల్మొనెల్లా లాంటి క్రిములైతే చాలాసార్లు ఆరు గంటల తర్వాతే, ఒక్కోసారి రోజుల తర్వాత, జ్వరంతో బయటపడతాయట.

‘వేడి చేసుకునే తిన్నాను కదండీ’ అన్నాను, నా తప్పేమీ లేదన్నట్టు.

‘వేడికి క్రిములు చస్తాయి. అవి వదిలిన విషం పోదు. అరగంట మరిగించినా తట్టుకుంటుంది’ అంది.

పొద్దుటి నుంచి ఐదున్నర గంటలు బయట ఉంచింది నేనే. ఇంక మాట్లాడలేదు.

యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ఇలాంటి విషానికి దానితో పని లేదట. వాంతులకి ఇంజెక్షన్, రెండు సెలైన్ సీసాలు. రక్తంలో పొటాషియం 3.1 వచ్చింది, 3.5 పైన ఉండాలి. పిక్కలు పట్టేయడానికి అదీ ఒక కారణం కావచ్చంది. విషం తనంతట తాను ఒక రోజులో దిగిపోతుంది, ఈలోపు నీళ్లూ ఉప్పూ తగ్గిపోకుండా చూడటమే వైద్యం అని చెప్పింది.

ఓఆర్‌ఎస్ తాగడం అక్కడే నేర్చుకున్నాను. వాంతయ్యాక పది నిమిషాలు ఆగి, రెండేసి నిమిషాలకి ఒక్కో చెంచా. గ్లాసు నా చేతికివ్వకుండా అక్కే పట్టుకు కూర్చుంది. ఆ ఉప్పటి తీపి మొదట వెగటుగా ఉన్నా, పదో చెంచాకి ఎక్కడా ఆగకుండా లోపలికి దిగింది.

నర్సు గంటకోసారి వచ్చి ‘మూత్రం వచ్చిందా?’ అని అడిగేది. మొదట సిగ్గుగా అనిపించింది. రాత్రి రెండింటికి మూత్రం వచ్చినప్పుడు మాత్రం ఆమెని నేనే పిలిచి మరీ చెప్పాను.