కార్వెట్‌ను ట్రైలర్‌లో ఎక్కడ నిలపాలి

నా 2002 నాటి షెవ్రొలే కార్వెట్‌ను ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేసు ట్రాకు మీద నడిపే రోజులకు, రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లడం మూడేళ్ల క్రితం మానేశాను. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మా ఫ్రిస్కో నుంచి ఓక్లహోమాలోని హాలెట్ సర్క్యూట్ నాలుగున్నర గంటల దారి. అక్కడి 1.8 మైళ్ల ట్రాకు మీద, 10 మలుపులలో, రోజంతా కారును పూర్తి శక్తితో తిప్పిన తరువాత బ్రేకు ప్యాడ్లు సగం అరిగిపోయి ఉంటాయి. ఏ నూనె గొట్టమో పగిలిందంటే ఇక ఆ రాత్రి ఇల్లు చేరే మార్గమే ఉండదు. కారును మోసుకువెళ్లి మోసుకువచ్చే బండి ఒకటి ఉండాలని అప్పుడు నిర్ణయించుకున్నాను.

పైకప్పు లేని ట్రైలర్ తేలిక, చవక, గాలికి దాని వల్ల అడ్డు కూడా తక్కువ. నిజం చెప్పాలంటే చాలామందికి అదే చాలు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే వెళ్లేవారు దాన్ని అద్దెకు తెచ్చుకోవడం ఇంకా మంచిది. నేను నాలుగు గోడల మూసిన ట్రైలర్ వైపు మొగ్గడానికి ఉత్తర టెక్సస్‌లో వసంతకాలంలో కురిసే వడగళ్లు మొదటి కారణం. రాత్రి మోటెల్ ముందు కారును ఆరుబయట వదిలి నిద్రపోలేకపోవడం రెండవది. ఆ పెట్టెలోనే పనిముట్లు, జాకు, అదనపు చక్రాలు ఎప్పటికీ సర్ది ఉంచుకోగలగడం మూడవది. మా కాలనీ సంఘం నిబంధనల ప్రకారం ఇంటి ముందు ట్రైలర్ నిలపకూడదు కనుక దానికి నెలనెలా స్థలం అద్దె ఇవ్వవలసి వస్తుందన్న సంగతి కూడా ముందే లెక్కలో వేసుకున్నాను.

ట్రైలర్ ఎంపికను ట్రైలర్ల దుకాణంలో మొదలుపెట్టకూడదు. లాగే బండి డ్రైవరు తలుపు తెరిచి, తలుపు చట్రం మీద అతికించిన చిన్న కాగితం చదవడంతో మొదలుపెట్టాలి. నా పికప్ 11,000 పౌండ్లు లాగగలదని ప్రకటనలలో వ్రాశారు. తలుపు మీది కాగితంలో మాత్రం మనుషులు, సామాను కలిపి 1,640 పౌండ్లకు మించరాదని ఉంది. ఈ రెండవ అంకె అసలైనది, ఎందుకంటే ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం, ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే హిచ్ బంతి మీద, అంటే పికప్ వీపు మీద పడుతుంది. దీన్ని ఇక్కడ టంగ్ వెయిట్ అంటారు. నేను కొన్న 24 అడుగుల ఉక్కు ట్రైలర్ ఖాళీగా 3,900 పౌండ్లు, కార్వెట్ సుమారు 3,250, చక్రాలు, పనిముట్లు, తాగునీరు వగైరా మరో 700, మొత్తం 7,850 పౌండ్లు, అంటే దాదాపు 3,560 కిలోలు. అందులో 12 శాతం 940 పౌండ్లు. హిచ్ సామగ్రికి 100, నాకూ నా భార్యకూ మా సంచులకూ 400 కలిపితే 1,440. ఇక మిగిలింది 200 పౌండ్లే. దుకాణంలో నాకు 28 అడుగుల ట్రైలర్ చూపించి, భవిష్యత్తులో పనికి వస్తుందని చెప్పారు. అది కొని ఉంటే మా అబ్బాయిని ఇంట్లో వదిలి వెళ్లవలసి వచ్చేది.

హిచ్ మీద కూడా ఒక కాగితం ఉంటుంది. నా బండికి నేరుగా బంతి మీద 500 పౌండ్లే మోపవచ్చు, స్ప్రింగు కడ్డీలున్న హిచ్ వాడితే 1,100 దాకా అనుమతి ఉంది. ఆ కడ్డీలు వెనుక చక్రాల మీద పడిన భారంలో కొంత పికప్ ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ పంచుతాయి. అవి లేకపోతే పికప్ వెనుక కుంగి, ముందు తేలి, స్టీరింగు చేతికి తెలియకుండా పోతుంది.

అల్యూమినియం చట్రం ఉన్న ట్రైలర్ ఇదే పొడవులో ఉక్కుదానికంటే దాదాపు వెయ్యి పౌండ్లు తేలిక. డబ్బుంటే అదే కొనండి, నాకు అంత వీలు కాలేదు. అయితే ఎంత తేలికైనా గాలి మాత్రం తేలిక కాదు. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు గోడను గంటకు 65 మైళ్ల వేగంతో గాలిలోకి తోసుకుంటూ వెళ్లాలి. నా పికప్ గాలనుకు 9 మైళ్ల కంటే ఎక్కువ ఇవ్వదు, ఎదురుగాలి ఉంటే 8.

ఇక కారుకు ట్రైలర్ సరిపోతుందా అన్న విషయం. బయటి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులున్నా, లోపల చక్రాల మీద కట్టిన పెట్టెల మధ్య ఉన్నది 81 అంగుళాలే. నా కారు తరాన్ని సీ5 కార్వెట్ అంటారు, దాని వెడల్పు 73.6 అంగుళాలు. ఇరుపక్కలా మూడున్నర అంగుళాల పైచిలుకు సందులో కారు నిలుస్తుంది. కారు తలుపు పొడవైనది, పైగా కిందికి ఉంటుంది. కొద్ది అంగుళాలే తెరుచుకున్న తలుపులోంచి మనిషి బయటికి రాలేడు. అందుకని ట్రైలర్ ఎడమ గోడకు, చక్రాల పెట్టెకు పైన, కారు తలుపు ఎదురుగా వచ్చేలా ఒక పెద్ద పక్క తలుపు ఉన్నదాన్ని వెతికాను. ఆ తలుపు ఉండి, చక్రాల పెట్టె ఎత్తు కారు తలుపు అంచుకంటే తక్కువగా ఉంటేనే ఉపయోగం. టేపు పట్టుకుని వెళ్లి కొలవడం తప్ప దీనికి మరో దారి లేదు. రంగు, కోసుగా ఉండే ముందు భాగం, లోపలి దీపాలు వంటివి చివర చూసుకోవచ్చు. నేల కింది అడ్డు కమ్ములు 16 అంగుళాలకు ఒకటి ఉన్నాయో 24కు ఒకటి ఉన్నాయో మాత్రం కింద పడుకుని చూడండి.

నేను కొన్నది వాడిన ట్రైలర్. టైర్ల మీద గాడులు కొత్తవాటిలా ఉన్నాయని అమ్మినవారు గట్టిగా చెప్పారు, అది నిజమే. కానీ టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతాయి. వాటి ప్రకారం ఆ టైర్ల వయసు ఏడేళ్లు. ట్రైలర్ టైర్లు అరిగి చావవు, ఎండలో కూర్చుని చస్తాయి. నడుస్తుండగా పై పొర ఊడి తిరిగితే చక్రాల పెట్టెను చీల్చి లోపలి కారు దాకా వస్తుంది. నాలుగూ తీసేసి, ఒక్కొక్కటి 80 పీఎస్ఐ గాలి వద్ద 2,830 పౌండ్లు మోయగల 15 అంగుళాల టైర్లు వేయించాను. వేగం 65 మైళ్లు దాటకూడదన్న నియమం కూడా ఇలాంటి టైర్ల వల్లే పెట్టుకోవాలి.

ఆ నియమాన్ని మొదటి ప్రయాణంలోనే ఉల్లంఘించాను. ఓక్లహోమాలో ఐ-35 రహదారి మీద ఆర్బకుల్ కొండలు దిగుతుండగా వేగం 68కి చేరింది. ఎడమ పక్కన ఒక పెద్ద లారీ దాటి వెళ్లింది. అది తోసిన గాలికి ట్రైలర్ తోక కుడికి జరిగి, తిరిగి ఎడమకు వచ్చి, మళ్లీ కుడికి మరింతగా జరిగింది. అద్దంలో తెల్లటి గోడ ఒకసారి ఈ పక్కా ఒకసారి ఆ పక్కా నిండిపోతోంది. ఆ సమయంలో కాలు బ్రేకు మీదికి పోతుంది, పోనివ్వకూడదు. పికప్ ఆగి ట్రైలర్ తోస్తే రెండూ మడత పడతాయి. కాలు నెమ్మదిగా యాక్సిలరేటరు మీద నుంచి తీసి, స్టీరింగును నిటారుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకుల మీటను చేత్తో నొక్కాను. ట్రైలర్ వెనక్కి లాగినట్టయి, ఊగు తగ్గి, సర్దుకుంది. ఎనిమిది పది క్షణాల వ్యవహారం. తరువాతి ఎగ్జిట్‌లో దిగి ఆగిన తరువాత కూడా నా భార్య చేయి తలుపు పిడి మీదే ఉంది.

ఆ సాయంత్రం ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాను. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేటికవే తూగుతాయి. స్ప్రింగు కడ్డీలు విప్పి ట్రైలర్‌తో ఒకసారి, ట్రైలర్ లేకుండా మరొకసారి తూచి, పికప్ బరువులో తేడా తీస్తే టంగ్ వెయిట్ తెలుస్తుంది. 560 పౌండ్లు వచ్చింది, అంటే మొత్తంలో 7 శాతం. పాత యజమాని తన కారుకు తగినట్టు ట్రైలర్ నేలకు పట్టీలు కట్టే కొక్కేలు బిగించుకున్నారు. నేను ఆ కొక్కేలున్న చోటే నా కారు నిలిపాను. దానికి తోడు, దించుకోవడానికి వీలుగా ఉంటుందని 200 పౌండ్ల అదనపు చక్రాలను వెనుక తలుపు దగ్గరే పెట్టాను.

రాత్రి విజయవాడకు ఫోను చేసి మా నాన్నగారికి జరిగింది చెప్పాను. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఆయన. "బరువు ఇరుసు వెనక్కి పోయిందిరా, ముందుకు లాగు. ఎంత లాగాలో చేత్తో కాదు, లెక్కతో చూడు" అన్నారు. "అలాగే నాన్నగారూ" అని, పెన్ను తీసుకున్నాను.

లెక్క చిన్నదే. హిచ్ బంతి నుంచి ట్రైలర్ ఇరుసుల మధ్య బిందువుకు నా ట్రైలర్‌లో 18 అడుగులు. 3,250 పౌండ్ల కారును ఒక్క అడుగు ముందుకు జరిపితే 3,250ని 18తో భాగించినంత, అంటే సుమారు 180 పౌండ్లు బంతి మీద పెరుగుతుంది. 200 పౌండ్ల చక్రాలను వెనుక నుంచి 18 అడుగులు ముందుకు, ముక్కు భాగంలోకి చేరిస్తే మరో 200 పెరుగుతుంది. రెండూ కలిపితే 560 కాస్తా 940 అవుతుంది. మరునాడు కారును ఒక అడుగు ముందుకు నడిపి, వెనుక చక్రాలకు ఆ పాత కొక్కేలు అందక తాత్కాలికంగా పొడవు పట్టీలతో కట్టి, మళ్లీ కాటా ఎక్కించాను. 950 వచ్చింది. అదే రహదారి మీద తిరుగు ప్రయాణంలో లారీలు దాటుతుంటే ట్రైలర్ ఒకసారి భుజం తట్టినట్టు కదిలి ఊరుకుంది. ఇంటికి వచ్చాక కొక్కేలను నాకు కావలసిన చోట, అడ్డు కమ్ములకు దిగేలా కొత్తగా బిగించాను. ఎడమ ముందు చక్రం ఆగవలసిన చోట నేల మీద పసుపు టేపు అతికించాను.

కారును ఎక్కించే పని నేను ఒంటరిగానే చేస్తాను, తొందర లేని రోజున ఇరవై నిమిషాలు పడుతుంది. ట్రైలర్ పికప్‌కు తగిలించి ఉండగానే ఎక్కించాలి. విప్పి ఉంటే కారు వెనుక అంచు మీదికి రాగానే ముక్కు గాలిలోకి లేస్తుంది. ట్రైలర్ చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, వెనుక మూలల కింద జాకులు దింపుతాను. ర్యాంపు తలుపు పొడవు 7 అడుగులు, నేల ఎత్తు 22 అంగుళాలు. ఆ వాలు దాదాపు 15 డిగ్రీలు. సీ5 కార్వెట్ బంపరు కింద నుంచి గాలి పీల్చుకునే కారు, అందుకు ముందు చక్రాలకు ముందు ఒక నల్లటి ప్లాస్టిక్ పలక వేలాడుతూ ఉంటుంది. నేరుగా ఎక్కిస్తే మొదట తగిలేది అదే. అందుకని వెనుక నేల కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసి ట్రైలర్ నిలుపుతాను. ర్యాంపు చివర నాలుగు అడుగుల మందపాటి చెక్కలు రెండు వేస్తాను. ముందు చక్రం చెక్క ఎక్కుతుండగా కిటికీలోంచి తల బయట పెట్టి వింటే, ప్లాస్టిక్ పలకకూ ర్యాంపుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉన్నంతసేపు ఏ చప్పుడూ ఉండదు. చెక్కలు లేని రోజున మాత్రం గరగరమంటుంది. ర్యాంపు పైన మడత దాటేటప్పుడు కారు కడుపు ఆనకుండా మరోసారి ఆగి చూసుకోవాలి.

కట్టడానికి రెండు అంగుళాల రాట్చెట్ పట్టీలు నాలుగు చాలు. తెగే బలం 10,000 పౌండ్లు, నమ్మి వాడదగిన బలం 3,333 పౌండ్లు అని వాటి మీదే వ్రాసి ఉంటుంది. నేను కారు శరీరానికి కాక చక్రాల మీదుగా కడతాను. అప్పుడు కారు తన స్ప్రింగుల మీద తాను ఊగుతున్నా పట్టీలు వదులు కావు. ట్రాకు నుంచి వేడిగా వచ్చిన కారుకు చేతి బ్రేకు వేయకుండా గేరులో ఉంచుతాను. పెట్రోలు డబ్బాలు మూసిన పెట్టెలో పెట్టకూడదు, అవి పికప్ వెనుక తొట్టిలో వస్తాయి. బయలుదేరిన 20 మైళ్లకు ఒకసారి ఆగి పట్టీలు మళ్లీ బిగిస్తాను. లోడు మొదటి ఇరవై మైళ్లలోనే కుదురుకుంటుంది. 50 మైళ్ల దగ్గర టార్క్ రెంచ్‌తో చక్రాల నట్లు చూస్తాను. పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా నాలుగు చక్రాల మధ్య భాగాలకు అరచేయి దగ్గరగా పెట్టి వేడి పోల్చి చూస్తాను. మూడు గోరువెచ్చగా ఉండి ఒక్కటి చేయి పెట్టలేనంతగా కాలుతుంటే, దాని బేరింగో బ్రేకో పట్టుకుందని అర్థం.

వెనక్కి నడపడం గురించి ఒక్క మాట. చేయి స్టీరింగు కింది భాగంలో పెట్టుకుంటే, చేయి ఎటు కదిలితే ట్రైలర్ తోక అటు వెళుతుంది. ఖాళీ మైదానంలో రెండు గంటలు అభ్యాసం చేస్తే సరిపోతుంది.

ట్రైలర్ హిచ్ నుంచి ఊడిపోతే దానంతట అదే ఆగడానికి ముక్కు దగ్గర ఒక చిన్న బ్యాటరీ, పికప్‌కు తగిలించే సన్నటి తీగ, ఆ తీగ చివర ఒక పిన్ను ఉంటాయి. నెలల తరబడి నిలిచి ఉన్న ట్రైలర్‌లో ముందు చచ్చేది ఆ బ్యాటరీయే. సీజను మొదట్లో ఛార్జి పెట్టి, పిన్ను లాగి, ఒక్కొక్క చక్రం దగ్గర వంగి బ్రేకు పట్టిందో లేదో చూస్తాను.  పోయిన మార్చిలో కుడి వెనుక చక్రంలో బ్రేకు పట్టలేదు. తీగ ఒకటి తుప్పు పట్టి విడిపోయింది. అది అతికి, మళ్లీ పిన్ను లాగి, నాలుగూ పట్టాయని చూసిన తరువాతే పికప్‌ను వెనక్కి తెచ్చి తగిలించాను.