తోడు పెట్టిన పాలు

గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూత పెట్టినప్పుడల్లా నాకు బైబిల్లోని మత్తయి సువార్త 13:33 గుర్తొస్తుంది, ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో అదంతా పులిసేదాకా పుల్లని పిండి దాచిందని, పరలోకరాజ్యం ఆ పుల్లని పిండిలాంటిదని యేసు ఒక్క వాక్యంలో ముగించిన ఉపమానం. మూడు కుంచాలంటే ఇంటికి కాదు, పెద్ద విందుకు సరిపోయేంత! దాని ముందున్న ఆవగింజ ఉపమానం మీద విన్నన్ని ప్రసంగాలు దీనిమీద వినలేదు. పులుపు అనగానే యూదుల పస్కా పండుగకి దాన్ని ఇంట్లోంచి తీసేయమన్నదీ, చెడు బోధకి గుర్తుగా చెప్పిన పరిసయ్యుల (ఆనాటి యూదు మతనాయకుల) పులిసిన పిండీ గుర్తొచ్చి మన బోధకులు వెనకాడతారేమో. యేసు మాత్రం వెనకాడలేదు, అదీ ఆడవాళ్ల వంటపనిలోంచే తీసుకున్నాడు.

మా మామయ్య కోసం ఏళ్లుగా ప్రార్థిస్తున్నాం, పైకి ఏ మార్పూ లేదు. టెన్షన్ పడి రోజూ వాట్సాప్‌లో వాక్యాలు పంపితే తోడుకుంటున్న గిన్నెని కదిపినట్టే, చలికాలం పెరుగైతే ఇంకా ఆలస్యం. అందుకే ఈ ఆదివారం ఆయన్ని చర్చికి రమ్మనలేదు, భోజనానికి రమ్మన్నాం.